వెంకటరామారావు పెట్టిన ఒకే ఒక్క సంతకం

భద్రాచలం వనజ్యోతి శిక్షణ కేంద్రం సూపరింటెండెంట్ వెంకటరామారావు తన ముప్పై నాలుగేళ్ల నౌకరీలో ఎవరికీ అన్యాయం చేయలేదని ఆయన పదవీ విరమణ సభలో ముగ్గురు వక్తలు చెప్పారు. నిజమే. అన్యాయం చేయాలన్నా ముందు ఏదో ఒకటి చేయాలి.

ఆయన సత్తుపల్లి దగ్గరి పల్లెలో పుట్టాడు. 1974లో జూనియర్ అసిస్టెంటుగా చేరాడు. చేరిన నెలలోనే ఆఫీసులో బతికే కిటుకు పట్టేశాడు. ఫైలు మీద సొంత అభిప్రాయం రాయకూడదు. 'మాట్లాడండి' అని రాసి పైకి పంపాలి, లేదా 'తగు చర్య నిమిత్తం' అని రాసి కిందికి పంపాలి. పైకీ కిందికీ పోని కాగితం వస్తే సెలవు పెట్టాలి. జీతం రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా పూర్తి పేరుతో సంతకం చేసేవాడు కాదు. తప్పనిసరి అయిన చోట ఒక పొట్టి గీత గీసేవాడు. దాన్ని చూసి అది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆయనకు కావలసిందీ అదే.

1986లో గోదావరి వరద వచ్చినప్పుడు ఆయన ఒక గోదాముకు ఇన్‌చార్జి. నీళ్లు మెట్ల దాకా వచ్చాయి, బియ్యం బస్తాలు పై అంతస్తుకు మారుద్దామని హమాలీలు వచ్చి నిలబడ్డారు. బస్తాలు కదిలించాలంటే పైవాళ్ల అనుమతి కావాలని ఖమ్మానికి ట్రంకాల్ బుక్ చేసి కుర్చీలో కూర్చున్నాడు. ట్రంకాల్ కలవలేదు, నీళ్లు మాత్రం వచ్చాయి. తర్వాత విచారణ జరిగింది. బస్తాలు మార్చబోయి నాలుగు బస్తాలు నీళ్లలో పడేసిన పక్క గోదాము గుమస్తాకు మెమో ఇచ్చారు. వెంకటరామారావు తప్పు చేసినట్టు ఎక్కడా తేలలేదు. ఆ విచారణే ఆయనకు జీవితంలో దొరికిన పెద్ద చదువు.

2003లో ఆయన్ను వనజ్యోతికి పంపారు. పంపినవాళ్లు పీడ వదిలిందనుకున్నారు. ఆయనా అదే అనుకున్నాడు.

వనజ్యోతి పని, అడవి ఊళ్లవాళ్లకు తొంభై రోజుల పాటు చేతిపని నేర్పడం. అందులో ఒకటి బోరింగు రిపేరు. అటువైపు చేతిపంపును బోరింగు అనే అంటారు. బ్యాచుకు ముప్పై మంది. ఏన్కూరు నుంచి వచ్చిన గోపాలు అనే మెకానిక్ నేర్పేవాడు. గోపాలుది కాంట్రాక్టు నౌకరీ, కాబట్టి పనిచేసేవాడు.

ఈ కేంద్రానికి ఒక రూలు ఉంది. వరసగా ఏడు రోజులు రాని మనిషిని మళ్లీ క్లాసులో కూర్చోబెట్టాలంటే, ఎందుకు రాలేదో, ఎందుకు రానివ్వాలో సూపరింటెండెంట్ పైఆఫీసుకు రాసి సంతకం పెట్టాలి. తరగతులేమో ప్రతి ఏటా ఫిబ్రవరి నడుమ మొదలై మే నడిమి దాకా సాగేవి. ఏప్రిల్ ఆఖరులో అడవిలో బీడీలు చుట్టే తునికాకు కోత మొదలవుతుంది. పది పన్నెండు రోజులకు మించి ఉండదు, ఆ రోజుల్లో చర్ల వైపు అడవి ఊళ్లలో ముసలివాళ్లు కూడా ఇంట్లో ఉండరు. తెల్లారకముందే ఆకు కోసి, పొద్దెక్కేదాకా కట్టలు కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లంలో అప్పజెప్పాలి. బ్యాచులో సగం మంది ఆ పన్నెండు రోజులూ ఊళ్లకు పోయేవాళ్లు. ఆకు అయిపోగానే తిరిగొచ్చేవాళ్లు.

తిరిగొచ్చిన ఒక్కొక్కరికీ ఒక్కో ఉత్తరం రాయాలి, ఒక్కో సంతకం పెట్టాలి. వెంకటరామారావు దానికి సులువైన దారి కనిపెట్టాడు. ఎనిమిదో రోజున వాళ్ల పేర్ల మీద ఎర్రగీత కొట్టి, పక్కన 'మధ్యలో మానేసినవారు' అని రాసేవాడు. వాళ్లు తిరిగొచ్చి క్లాసులో కూర్చుంటే పొమ్మనేవాడు కాదు. పొమ్మనడం కూడా ఒక నిర్ణయమే. వాళ్లు గోపాలు దగ్గర పని నేర్చుకునేవాళ్లు, మధ్యాహ్నం అన్నం తినేవాళ్లు, ఆఖరి రోజు దాకా ఉండేవాళ్లు. సర్టిఫికెట్ అడిగితే పైనుంచి రావాలి అనేవాడు. రిజిస్టరు ప్రకారం వాళ్లు అక్కడ లేరు.

నాగక్క అట్లాంటి మనిషి. చర్ల అవతల రాళ్లగుంపు అనే కోయ పల్లె ఆమెది. 2006 బ్యాచులో గోపాలు చెప్పిన పనిని అందరికంటే ముందు పట్టుకున్నది ఆమె. నూటయాభై అడుగుల లోతు నుంచి రాడ్లు ఒక్కొక్కటిగా పైకి తీసి, సిలిండరు విప్పి, అరిగిన వాషర్లు మార్చి, మళ్లీ దించడానికి ఇద్దరు మగవాళ్లను సాయం పెట్టుకుని రెండు గంటలు తీసుకునేది. ఆకు కోతకు పోయి పదమూడో రోజు తిరిగొచ్చింది. బ్యాచు ముగిసిన రోజు గోపాలు బజారు నుంచి ఫోటోగ్రాఫరును తీసుకొచ్చాడు. ముప్పై మందీ నిలబడ్డారు. నాగక్క మొదటి వరసలో, చేతిలో బోల్టులు విప్పే పెద్ద పానతో. నడుమ కుర్చీ మీద వెంకటరామారావు. ఆ ఫోటోలో తను ఒక్కడే కూర్చుని ఉన్నందుకు ఆయనకు అది బాగా నచ్చింది. ఫ్రేము కట్టించి తన గదిలో గోడకు పెట్టించుకున్నాడు.

నాగక్క ఊరికి పోయి సర్టిఫికెట్ కోసం ఎదురుచూసింది. చర్ల సంతకు వచ్చినప్పుడల్లా, వీలైతే భద్రాచలం దాకా వచ్చి అడిగిపోయేది. నీ సర్టిఫికెట్ వచ్చేలోపు ఊళ్లో బోరింగులన్నీ తుప్పు పడతాయని ఆమె భర్త దూలయ్య ఎగతాళి చేసేవాడు. బోరింగులు తుప్పు పట్టలేదు. చుట్టుపక్కల ఎక్కడ చెడిపోయినా ఆమే పోయి బాగుచేసేది. మండలం మెకానిక్ రెండు నెలలకోసారి బండి మీద వచ్చి, ఆమె చేసిన పనిని తన పనిగా రాసుకుని పోయేవాడు.

2007 చివర్లో మండలంలో ఒక మాట వచ్చింది. వచ్చే మే నుంచి రాళ్లగుంపుతో కలిపి పదకొండు ఊళ్ల బోరింగులకు స్థానికంగా ఒక మెకానిక్‌ను పెడతారు, నెలజీతం ఇస్తారు, కేంద్రం సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే తీసుకుంటారు. చేసే పని చేతికి వచ్చింది, కావలసింది కాగితం. పాత సర్టిఫికెట్ రాదని తేలిపోయింది కాబట్టి, మళ్లీ తొంభై రోజులు కూర్చుని అయినా తెచ్చుకోవాలనుకుని నాగక్క కొత్త బ్యాచుకు దరఖాస్తు పెట్టింది.

అదే సమయంలో వనజ్యోతికి కంప్యూటరు వచ్చింది. ప్రతి ఏటా సగం మంది మధ్యలో మానేస్తున్నారని రిజిస్టర్లు చెబుతుంటే పైఆఫీసుకు దిగులు పట్టుకుంది. ఎందుకు మానేస్తున్నారో చూడటానికి చర్ల బస్సెక్కవచ్చు. బస్సెక్కడం కంటే సాఫ్ట్‌వేర్ కొనడం మేలనుకున్నారు. హైదరాబాదు కంపెనీ ఒకటి పవన్ అనే కుర్ర ఇంజినీరును పంపింది. అతను ల్యాప్‌టాప్ తెరిచి వెంకటరామారావుకు విషయం చెప్పాడు. పాత మూడు బ్యాచుల దరఖాస్తుల్లో ఎవరు ఏ జవాబు రాశారో, వాళ్లలో ఎవరు నిలిచారో, ఎవరు మానేశారో మిషనుకు చూపిస్తారు. ఏ జవాబు రాసినవాళ్లు మానేస్తున్నారో అది తనంతట తనే పసిగడుతుంది. కొత్త దరఖాస్తులు వేస్తే నిలిచేవాళ్లు ఒక కుప్ప, మానేసేవాళ్లు ఒక కుప్పగా విడదీస్తుంది. ఖమ్మం మిర్చి యార్డులో తాలుకాయ ఏరినట్టా అని వెంకటరామారావు అడిగాడు. అంతేనన్నాడు పవన్.

"అంటే ఎవరిని తీసుకోవాలో నేను చెప్పక్కర్లేదన్నమాట."

"అవసరం లేదు సార్. అదే చెప్తుంది."

ముప్పై మూడేళ్లుగా వెంకటరామారావు ఈ మాట కోసమే బతికాడు. మాట్లాడండి అని పైకి పంపితే ఎప్పటికో తిరిగొచ్చి నెత్తిన పడొచ్చు. కంప్యూటరుకు పంపింది తిరిగిరాదు. ఆయన పవన్‌కు రెండుసార్లు టీ తెప్పించాడు.

పవన్ తన కంపెనీ ఫారం ఒకటి తీశాడు. ఇచ్చిన రిజిస్టర్లు సరిచూశాము, అందులో ఉన్నది నిజం అని కేంద్రం అధికారి సంతకం చేయాలి. రిజిస్టర్లు తప్పయితే మిషను కూడా తప్పే నేర్చుకుంటుంది సార్, ఒకసారి చూసుకోండి అన్నాడు. వెంకటరామారావు చూసుకోలేదు. ఇక ముందు ఏ సంతకమూ పెట్టే పని లేదన్న సంబరంలో, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, కింద తేదీ వేసి సంతకం పెట్టాడు. చక్కని అక్షరాలు. గోదాము మునిగిన రోజున పెట్టాల్సిన సంతకం ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత ఇక్కడ పడింది.

మిషను నేర్చుకుంది. మూడేళ్ల దరఖాస్తులు తిరగేసి, నిలిచేవాళ్లనూ మానేసేవాళ్లనూ విడదీసే మొదటి ప్రశ్న ఏదో కనిపెట్టింది. ఇంట్లో తునికాకు కార్డు ఉందా? ఉంటే మానేస్తారు. చదువు, వయసు, ఊరి దూరం అన్నీ దాని తర్వాతే. వెంకటరామారావు ఎర్రపెన్నుతో రాసిందాన్నే అది చదివి, ఆయనకే అప్పజెప్పింది. ఆయన గుర్తుపట్టలేదు. ఎంత తెలివైందో చూశావా అని గోపాలుతో అన్నాడు.

నాగక్క దరఖాస్తు విషయంలో మిషనుకు అంత కష్టం కూడా లేకపోయింది. మీ పేరు మీద ఉన్న ఏదైనా ప్రభుత్వ కార్డు జతచేయండి అని ఫారంలో ఉంది. రేషన్ కార్డు దూలయ్య పేరు మీద ఉంది. పొలానికి పట్టా లేదు, అడవి కొట్టి చేసుకున్న పోడు. అటువైపు చాలామంది ఆడవాళ్లకు తమ పేరుతో ఉండే కార్డు ఒక్కటే, కల్లంలో ఆకు అప్పజెప్పేటప్పుడు చూపించే తునికాకు కార్డు. దాన్ని వాళ్లు పెట్టెలో గుడ్డలో చుట్టి పెట్టుకుంటారు. నాగక్క దాన్ని చర్లలో జిరాక్స్ తీయించి, పేరు మీద మరక పడిందని మళ్లీ తీయించి జతచేసింది. రాళ్లగుంపు నుంచి దరఖాస్తు పెట్టిన మిగతా నలుగురు ఆడవాళ్లూ అంతే. తమను ఎందుకు తీసుకోకూడదో దానికి సాక్ష్యం తామే జిరాక్స్ తీయించి ఇచ్చారు.

2008 జనవరి రెండో వారంలో జాబితా గోడకు అంటించారు. పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం, సత్తుపల్లి పేర్లు. చర్ల వైపు పేరు ఒక్కటీ లేదు. నాగక్క మొదటి బస్సుకు వచ్చి జాబితాను పైనుంచి కిందికి రెండుసార్లు చదివించుకుని, తిన్నగా సూపరింటెండెంట్ గదిలోకి పోయింది. లోపల పవన్ ప్రింటరు బాగుచేస్తున్నాడు. ఏదో పనిమీద వచ్చిన గోపాలు తలుపు దగ్గర నిలబడ్డాడు.

తన పేరు ఎందుకు రాలేదని ఆమె అడిగింది. కంప్యూటరు తీసిన జాబితా అమ్మా, ఇందులో నాదేం లేదు అన్నాడు వెంకటరామారావు. కంప్యూటరుకు తనమీద ఏం పగ అని ఆమె అడిగింది. పవన్‌కు జవాబు చెప్పక తప్పలేదు. తునికాకు ఇళ్లవాళ్లు మధ్యలో మానేస్తున్నారని పాత రిజిస్టర్లలో ఉంది, అందుకని మిషను వాళ్లను పక్కన పెట్టింది అన్నాడు. మీ పేరు చూసి కాదు, అది పేర్లు చూడదు అని కూడా అన్నాడు, అదేదో ఊరట అయినట్టు.

నాగక్క గోడ మీది ఫోటో వైపు చేయి చూపింది.

"సారూ, నేను మానేసిన్ననా? మరి గీ ఫోటోల పాన పట్టుకొని నిలబడ్డది ఎవరు?"

వెంకటరామారావు ఫోటో వైపు చూడలేదు. పవన్ చూశాడు. దగ్గరికి పోయి తలలు లెక్కపెట్టాడు. ముప్పై. 2006 రిజిస్టరు తెమ్మని తెరిచి చూశాడు. ఎర్రగీతలు పదిహేడు. ఫోటో కింద తేదీ ఆఖరి రోజుది.

"వీళ్లంతా తిరిగొచ్చారా?" అని గోపాలును అడిగాడు.

"అందరూ వచ్చారు సార్. ఆకు కాగానే వచ్చారు. మిగతా రెండేళ్లూ అంతే. గీతలు పడ్డోళ్లే నా దగ్గర పని మంచిగ నేర్చుకున్నోళ్లు."

నాగక్క ఇంకో మాట అంది. "గప్పుడు ఆకు క్లాసు నడిమిట్ల వచ్చింది. ఈసారి క్లాసు జనవరిల పెట్టిన్రు, ఆకు వచ్చేసరికి అయిపోతది. గిదన్న చెప్పిన్రా మీ మిషనుకు?"

చెప్పలేదు. ఆ ఏడు తరగతులు జనవరి ఇరవై ఒకటిన మొదలై ఏప్రిల్ పందొమ్మిదితో ముగుస్తాయి. ఆకు అడ్డం వచ్చే ప్రసక్తే లేదు. మూడేళ్ల లెక్కలు నమిలిన మిషనుకు గాని, దాన్ని కొన్నవాళ్లకు గాని, అమ్మినవాళ్లకు గాని తట్టని సంగతి, నెలలు వేళ్ల మీద లెక్కపెట్టుకునే మనిషికి తట్టింది. పవన్ ముఖం చిన్నబోయింది. చెడ్డవాడు కాదు. అడవి గురించి ఏమీ తెలియకుండా అడవి గురించి చెప్పే యంత్రం అమ్మేవాడు, అంతే.

సరిచేయడం గంట పని అన్నాడు పవన్. గీతలు పడినవాళ్లు తిరిగొచ్చి ముగించారని దిద్ది మళ్లీ నేర్పిస్తే ఆకు ప్రశ్న నిలవదు, జాబితా మారుతుంది. ఒకటే కావాలి, సార్ రాసివ్వాలి.

"ఒక్క సంతకం సార్. రిజిస్టరులో పొరపాటు ఉందని."

వెంకటరామారావు లెక్క వేసుకున్నాడు. మొన్ననే అంతా నిజమని పూర్తి పేరుతో రాసిచ్చాడు. ఇప్పుడు కాదని రాస్తే ఒకే మనిషి రెండు సంతకాలు, ఒకదానికొకటి ఎదురు. మూడేళ్ల గీతలకు సంజాయిషీ అడుగుతారు. రిటైర్మెంటుకు ఇంక ఆరు నెలలు. ఇవతల ఒక మనిషి నౌకరీ, ఆమె వెనకాల నలుగురు, పదకొండు ఊళ్ల మంచినీళ్లు. అవతల ఒక సంజాయిషీ. ఆయన ఎటు మొగ్గుతాడో ఆయన్ను ఒక్కరోజు చూసినవాళ్లకైనా తెలుస్తుంది.

"ఆలోచిద్దాం," అన్నాడు.

"ఆలోచించేదేముంది సారూ? నేనొచ్చిన్ననా, రాలేదా? మీరు కండ్లతోని చూసిన్రు."

"పైన మాట్లాడాలమ్మా. నా చేతుల్లో ఏముంది?"

"పెన్ను ఉంది గద."

వెంకటరామారావు తన చేతిలోని పెన్నును చూసుకుని, మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి రోజు నుంచి ఆయనకు ఛాతీలో నొప్పి. డాక్టరు కాగితంతో పది రోజుల సెలవు. తరగతులు మొదలయ్యాక నొప్పి తగ్గింది. పవన్‌ను కంపెనీ ఇంకో జిల్లాకు పంపింది. అతను రెండు మెయిళ్లు పెట్టి, జవాబు రాకపోతే మూడోది పెట్టలేదు. సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు వెంకటరామారావు చేసిన మొదటి పని గోడ మీది ఫోటో తీయించి బీరువాలో పెట్టి తాళం వేయడం. ఎవరితోనూ మాట్లాడకుండా ఆయన సొంతంగా తీసుకున్న నిర్ణయం బహుశా ఇదొక్కటే.

ఇక మిషను ఏరిన మేలిరకం ముప్పై మంది సంగతి. మూడో వారానికి ఆరుగురు కానిస్టేబుల్ కోచింగుకు ఖమ్మం పోయారు. బోరింగు రాడ్లకు ఉన్న గ్రీజు చేతులకు అంటుతోందని ఇద్దరు పోయారు. మార్చి నాటికి క్లాసులో పదకొండు మంది. రూలు ప్రకారం పందొమ్మిది పేర్ల మీద ఎర్రగీత పడాలి. ఈసారి గీత కొడితే, మానేయరని కంప్యూటరు చెప్పినవాళ్లు ఎందుకు మానేశారో రాయాలి. వెంకటరామారావు ఎర్రపెన్ను తీయలేదు. ముప్పై మందికీ రోజూ హాజరు వేశాడు. వచ్చినవాళ్లను రాలేదని రాయడానికి ఆయనకు ఎంత కష్టం కాలేదో, రానివాళ్లను వచ్చారని రాయడానికీ అంతే కష్టం కాలేదు. ఒక్కరూ మానేయని బ్యాచు అని పైఆఫీసు మెచ్చుకుంది. సాఫ్ట్‌వేరు నూటికి నూరు పాళ్లు సరిగ్గా చెప్పిందని కంపెనీ తన ప్రచార పుస్తకంలో వేసుకుంది. ఆఖరి రోజు గోపాలు ఫోటోగ్రాఫరును పిలుస్తానంటే వెంకటరామారావు వద్దన్నాడు. నాగక్క దగ్గర ఆయన నేర్చుకున్న పాఠం అది.

పదకొండు ఊళ్ల మెకానిక్ పని ఆ ముప్పైలో ఒకడికి వచ్చింది. సత్తుపల్లి వైపువాడు, కానిస్టేబుల్ పరీక్ష తప్పి తిరిగొచ్చినవాడు. సర్టిఫికెట్ ఉంది, పాన పట్టడం రాదు. నాగక్కను సాయానికి పెట్టుకుందామని రాళ్లగుంపు దాకా వచ్చాడు. తన ఊరి బోరింగు తను చూసుకుంటానని, మిగతా పది ఊళ్లూ సర్టిఫికెట్‌ను పిలుచుకోవాలని ఆమె చెప్పి పంపింది.

మే మొదటి వారంలో వనజ్యోతి ఆవరణలోని బోరింగు ఆగిపోయింది. బోరింగు రిపేరు నేర్పే కేంద్రంలో దాన్ని బాగుచేసే మనిషి లేడు. బ్యాచు వెళ్లిపోయింది, గోపాలు కాంట్రాక్టు ముగిసింది, కొత్త మెకానిక్ ఫోను ఎత్తలేదు. వెంకటరామారావు రెండు రోజులు నీళ్ల డబ్బాలు తెప్పించి, మూడో రోజు వాచ్‌మన్ బొజ్జయ్యను రాళ్లగుంపుకు పంపాడు. కాగితం ఇవ్వలేదు, నోటిమాటే.

బొజ్జయ్య మరునాడు ఒక్కడే తిరిగొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బొజ్జయ్యదీ అటువైపు ఊరే. చెప్పమన్నది చెప్పేటప్పుడు అతను ఒక్క అక్షరం తగ్గించలేదు.

"ఆకు పనిల ఉన్నదట సారూ. మధ్యల మానేసేటోళ్లను పిలుసుడెందుకు, మీ కంప్యూటరును దింపుమనుండ్రి బోరింగుల, అన్నది."

వెంకటరామారావుకు కోపం రాలేదు. కోపం రావాలన్నా ఒక అభిప్రాయం ఉండాలి. ఆయన తెల్లకాగితం తీసి, ఆవరణలోని బోరింగు పనిచేయడం లేదు, మాట్లాడండి అని రాసి, కింద తన పొట్టి గీత గీసి పైకి పంపాడు. జూన్ ఆఖరున శాలువా కప్పించుకుని, డబ్బా నీళ్లు తాగి ఇంటికి పోయే రోజుకు కూడా ఆ కాగితం తిరిగి రాలేదు.